లోపల పురాణం లేని అట్ట

నేను ఒక అట్టను. పుస్తకాన్ని కాదు, ఉత్త అట్టను. ముందొక దళసరి పలక, వెనకొక దళసరి పలక, మధ్యన వీపుకి ఎర్ర క్యాలికో గుడ్డ. ఆ గుడ్డ మీద బంగారు రంగు అక్షరాలతో ఒక పురాణం పేరు అచ్చొత్తి ఉంది. చావు జరిగిన ఇంట్లో పది రోజులూ చదివిస్తారే, ఆ పురాణం. పేరు మాత్రం చెప్పను. చెబితే మీలో సగం మంది ఈ కాగితాలు కింద పడేసి కాళ్లు కడుక్కోవడానికి లేస్తారు. మిగతా సగం మంది తమకు భయం లేదని చూపించుకోవడానికి కూర్చునే ఉండి, సాయంత్రం దీపం పెట్టాక ఎవరూ చూడకుండా లెంపలేసుకుంటారు.

నేను పుట్టింది రాజమండ్రిలో, జానీ సాహెబు బైండింగు కొట్టులో. ఒక వకీలు గారి చట్టాల పుస్తకం, ఒక బడి హాజరు పట్టీ, నేను, ఒకే రోజున ఒకే పిండి పూసుకుని ఒకే బరువు కింద ఆరాం. జానీ సాహెబు అట్టలకు పూసే పిండిలో మైలుతుత్తం కలిపేవాడు, పురుగు పట్టకుండా. లోపలి కాగితాలకు అది కలపడానికి వీల్లేదు కదా. ఈ సంగతి తర్వాత అక్కరకొస్తుంది.

నన్ను చేయించుకున్న వారు మండపేటలో పురాణం చెప్పే పేరిశాస్త్రి గారు. ఆయన చంకలో పదిహేనేళ్లు తిరిగాను. నేను చూసినన్ని చావు ఇళ్లు యముడు కూడా చూసి ఉండడు, ఆయన గుమ్మం దగ్గర నుంచే వెళ్లిపోతాడు. నేను లోపల కూర్చుని చివరి దాకా ఉండేదాన్ని. మూకుడులో నూనె కాగే నరకం గురించి శాస్త్రిగారు చెబుతుంటే, వింటున్న ప్రతి మనిషీ పక్కింటివాడి మొహం చూసేవాడు. ఆ మూకుడు తన కోసమే కాగుతోందేమోనన్న అనుమానం పదిహేనేళ్లలో ఒక్కరికి రాగా నేను చూడలేదు. పురాణం అయిపోగానే అందరూ నన్ను కళ్లకద్దుకునేవారు. తెరిచి చూసినవాళ్లు లేరు.

ఒక వానాకాలం శాస్త్రిగారి అటక మీద చెదలు పట్టాయి. నా లోపలి పురాణాన్ని, నరకాలతో సహా, మొత్తం తినేశాయి. మైలుతుత్తం పుణ్యమా అని నేను మిగిలాను. శాస్త్రిగారు నన్ను తెరిచి, మట్టి దులిపి, పెద్దగా విచారించలేదు. ఆయనకు పురాణమంతా కంఠతా వచ్చు. కానీ చేతిలో పుస్తకం లేకుండా చెబితే దాన్ని పురాణం అనరు, కబుర్లు అంటారు. అందుకని లోపల కొన్నాళ్లు పాత పంచాంగాలు పెట్టారు. ఆ తర్వాత ఒక రోజు బస్టాండులో పాత పుస్తకాల కుప్పలో కొన్న అపరాధ పరిశోధన నవల పెట్టారు.

మీరు నవ్వుతారని తెలుసు. నేనూ మొదట సిగ్గుపడ్డాను. తర్వాత అర్థమైంది. ముప్ఫై ఏళ్లుగా నెలకు మూడిళ్ల చొప్పున ఏడుపుల మధ్య కూర్చుని వచ్చిన మనిషి, ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. ఆ నవలలోనూ చావే. కానీ అక్కడ ఎవరు చంపారో, ఎందుకు చంపారో ఆఖరి పేజీకల్లా తేలిపోతుంది. చావింట్లో ఎవరూ చెప్పలేనిది ఆ ఒక్కటే కదా. అందుకే ఆయన నోటితో నరకం చెబుతూ, కళ్లతో నవల చదువుకునేవారు. అంత నేర్పు ఆయనకే చెల్లింది, ఒక్క రోజు తప్ప.

ఆ రోజు మేం మాణిక్యమ్మ ఇంట్లో ఉన్నాం. ఆమె భర్త సూర్రావు బియ్యం మిల్లులో ఫిట్టరు, గుండె ఆగి పోయాడు. పిల్లలు లేరు. తొమ్మిదో రోజు, మధ్యాహ్నం మూడు గంటలు. శాస్త్రిగారు వైతరణి దగ్గర ఉన్నారు. కళ్లేమో నవలలో మంచి పట్టు మీద ఉన్నాయి.

"అలా ఆ జీవుడు చీమూ నెత్తురుతో పారే వైతరణిని అతి కష్టం మీద దాటి, అవతలి గట్టున జీపు దిగాడు" అన్నారు.

ఎవరూ ఉలిక్కిపడలేదు. ముందు వరసలో ఉన్న ఒక పెద్దాయన మాత్రం తల పంకించి, "చూసేరా! జీపులు ఆ రోజుల్లోనే ఉండేయన్నమాట. అన్నీ మన పురాణాల్లోంచి ఎత్తుకుపోయినవేనండి" అన్నాడు. నలుగురు "మరే, మరే" అన్నారు.

మూల చాప మీద కూర్చున్న మాణిక్యమ్మ కొంగు నోట్లో కుక్కుకుని భుజాలు కదిలిపోయేలా ఊగిపోయింది. పక్కనున్న ఆడవాళ్లు ఆమెను పట్టుకుని, "ఏడవనీండి, కడుపులో ఉన్నదంతా పోతాది" అన్నారు. నేను ఆమె కళ్లు చూశాను. అది ఏడుపు కాదు.

అందరూ ఫలహారాలకు లేచాక ఆమె శాస్త్రిగారి దగ్గరకు వచ్చింది.

"శాస్త్రిగారండీ, ఆ జీపు దిగినాయన లోపలికెళ్లేడాండీ?"

శాస్త్రిగారు నన్ను గభాలున మూసేశారు. "ఎవరితోనూ అనకు తల్లీ. నా పొట్ట కొట్టకు."

"నేనెందుకంటానండీ! తొమ్మిది రోజులై ఇంటికొచ్చినోళ్లందరూ నాతో నా గురించే మాట్లాడతన్నారు. ఇంకెవరి గురించో ఒక మాట చెవిన పడ్డం ఇదే మొదలండి."

శాస్త్రిగారు అటూ ఇటూ చూసి, గబగబా కథ చెప్పారు. ఒక బంగళా. అందులో ధనవంతుడైన డాక్టరు. పొద్దున్నే శవమై ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు జీపు దిగాడు.

"తర్వాతండీ?"

"నేనూ అక్కడిదాకానే చదివానమ్మా."

పదో రోజు కార్యక్రమం అయ్యాక ఆయన నన్ను, నా లోపలి నవలతో సహా, ఆమె చేతిలో పెట్టారు. "దీంట్లో పెట్టి ఉంచుకో. నీ చేతిలోంచి దీన్ని లాక్కునే ధైర్యం ఎవడికీ లేదు. కానీ నీకు చదువు రాదు కదమ్మా?"

"రాదండి. నేర్చుకుంటే ఎన్నాళ్లు పడతాదండీ?"

"ఆరు నెలలు."

"నన్ను ఏడాది దాకా గుమ్మం దాటనివ్వరటండి. సరిపోద్ది."

శాస్త్రిగారు ఆ తర్వాత పాత టెలిఫోను డైరెక్టరీకి పసుపు పట్టుగుడ్డ చుట్టి చావు ఇళ్లకు తీసుకెళ్లేవారని విన్నాను. దాన్నీ జనం కళ్లకద్దుకున్నారట.

ఇక మాణిక్యమ్మ ఏడాది. సూర్రావు అప్పగారు వరహాలమ్మ రామచంద్రపురం నుంచి ట్రంకు పెట్టెతో వచ్చి దిగబడింది. మరదలిని ఓదార్చడం తన పని అంది. ఆ ఓదార్పు ఎలా ఉండేదో చెబుతాను. వీధిలో చెప్పుల చప్పుడు కాగానే వరహాలమ్మ సైగ చేసేది. వచ్చినావిడ గుమ్మంలోనే రాగం ఎత్తుకునేది. మాణిక్యమ్మ ఆమెను కావలించుకుని మొదటి నుంచీ ఏడవాలి. వాళ్లు పొద్దున్న ఒకసారి వచ్చిపోయినవాళ్లయినా సరే. ఏడుపయ్యాక ముక్కు తుడుచుకుని, "కాఫీ వద్దమ్మా, ఈ దుఃఖంలో ఎందుకూ" అనేవారు. కాఫీ తాగేవారు. తాగుతూ, "ఎలా పోయేడంటావు?" అని అడిగేవారు. మొగుడు పోయిన తీరు రోజుకు నాలుగుసార్లు చెప్పీ చెప్పీ, ఆమెకు అది ఇంకెవరి మొగుడి కథో అయిపోయింది. కళ్లలో నీళ్లు ఎండిపోయాయి. ఏడుపు గొంతులోంచే వచ్చేది.

దీనికి తోడు వరహాలమ్మ ఒక ఏర్పాటు చేసుకుంది. "ఏడాది తిరిగి ఏడూరి పెట్టగానే ఈ ఇంటికి తాళం పెట్టి నాతో వచ్చీయే మాణిక్యం. ఒంటరి ఆడది ఒక్కత్తీ ఎలా ఉంటాది? మా ఇంట్లో ఓ మూల పడుండు, వంటా అదీ చూసుకుంటా."

వరహాలమ్మ ఇంట్లో పద్దెనిమిది మంది. వంటమనిషి ఆ మధ్యే మానేసింది.

"నా ఇంట్లో నేనుంటాను వదినగారూ."

"దుఃఖంలో ఉన్నదానివి, నీకేం తెలుస్తాదే. నేను చెప్తున్నాగా."

రెండు గదుల పెంకుటిల్లు అది. సూర్రావు తన చేతులతో తలుపులకు గడియలు బిగించిన ఇల్లు. అందులో ఉండాలా, పద్దెనిమిది మందికి గంజి వార్చాలా అన్నది ఏడాదిలో తేలాలి. దుఃఖంలో ఉన్న మనిషి మాట ఎవరూ వినరు. ఈ దేశంలో ఎక్కువ మంది తలరాతలు వాళ్లు ఏడుస్తున్నప్పుడు పక్కవాళ్లు రాసినవే.

చదువు చెప్పింది పక్కింటి టైలరు రూతమ్మ. జాకెట్ల కొలతలని వంక పెట్టుకుని రోజూ మధ్యాహ్నం వచ్చేది. నల్ల లైనింగు గుడ్డ పరిచి, దాని మీద గుర్తులు పెట్టే సుద్దముక్కతో అక్షరాలు రాసేది. వరహాలమ్మ అడుగుల చప్పుడు వినిపిస్తే ఒక్క దులుపు, అక్షరాలు పోయేవి. బడిలో పిల్లలు అమ్మ, ఆవు అని మొదలుపెడతారు. మాణిక్యమ్మ జీపు, శవం, బంగళా అని మొదలుపెట్టింది. నవలలో ఏ మాట అడ్డమొస్తే ఆ మాటే ఆ రోజు పాఠం. ఒత్తులు మొదట్లో ఏడిపించాయి. "ఇదేంటే రూతమ్మా, ఒకదాని కాళ్ల కింద ఒకటి దూరి కూర్చుంటాయి?" అనేది. "మీ వదినగారూ మీరూ లేరా అక్కా, అలాగే" అనేది రూతమ్మ.

ఐదో నెలలో ముప్ఫై రెండో పేజీకి వచ్చింది. అక్కడ పెద్ద సంగతేమీ లేదు. డాక్టరు గదిలో కొక్కేనికి ఆయన చొక్కా వేలాడుతోందనీ, జేబులో కళ్లజోడు ఉందనీ రాశారు. ఆ ఒక్క ముక్క చదివి మాణిక్యమ్మ నన్ను మూసి ఒళ్లో పెట్టుకుంది. సూర్రావు మిల్లు చొక్కా ఎదురుగా మేకుకు ఉంది. అప్పుడు ఏడ్చింది. శబ్దం లేదు, రాగం లేదు, పట్టుకోవడానికి ఎవరూ లేరు. అరగంట నా ముందు పలక తడిసింది. జానీ సాహెబు పురుగుల సంగతి ఆలోచించాడు గానీ ఈ తడి సంగతి ఆలోచించలేదు, ఒక మూల ఉబ్బిపోయాను. ఆ రాకపోకల జనమంతా కలిసి ఐదు నెలల్లో రప్పించలేని ఏడుపును, ఎవరో పొట్టకూటికి రాసిన నవల రెండు వాక్యాల్లో రప్పించింది. ఆ రోజు ఆమె రెండు పూటలా అన్నం తింది.

వరహాలమ్మకు మొదటి నుంచీ నన్ను చూస్తే హడలు.

"ఆ పుస్తకం ఇంట్లో ఉంచకూడదే. ఇంకో చావుని పిలుస్తాది."

"ఇంకెవరున్నారు వదినగారూ చావడానికి? నేనూ, మీరేగా."

ఆ రోజు నుంచి వరహాలమ్మ పడక అరుగు మీదకు మారింది. అయినా ఎనిమిదో నెలలో ఒకరోజు, పదిమంది ఆడవాళ్లు కూర్చుని ఉండగా, ధైర్యం చేసింది.

"మా మరదలు రోజల్లా అదే పట్టుకుని కూర్చుంటంది. అక్షరమ్ముక్క రాదు. మతి చలించిందని నా అనుమానం. ఏదీ, చదవ్వే చూద్దాం. చదవలేకపోతే దాన్ని కాలవలో కలిపేసి, రేపే నిన్ను మా ఊరు తీసుకుపోతాను. ఏడూరి అక్కడే పెడదాం."

ఆడవాళ్లంతా సర్దుకుని కూర్చున్నారు. పుణ్యానికి పుణ్యం, తమాషాకు తమాషా. వాళ్లలో ఇద్దరికి చదువొచ్చు, కానీ వంగి లోపలికి చూసే ధైర్యం లేదు. మాణిక్యమ్మ నన్ను ఒళ్లోకి లాక్కుంది. నన్ను తెరిచింది. ఇంకో దారి లేక, ఉన్నదున్నట్టు, బియ్యంలో రాళ్లేరినట్టు ఒక్కొక్క అక్షరమే ఏరుతూ చదివింది.

"డా-క్ట-రు నే-ల మీ-ద బో-ర్లా ప-డి ఉ-న్నా-డు."

"అయ్యో పాపం" అంది ఒకావిడ.

"ఇ-న్‌స్పె-క్ట-రు త-లు-పు తె-రి-చా-డు."

"ఇన్‌స్పెక్టరంటే ఎవరే?"

మాణిక్యమ్మ తలెత్తి, "చిత్రగుప్తుడి కింద పనిచేసే ఆయనండి" అంది.

"ఓహో" అన్నారందరూ. అంత నిదానంగా చదివేది పురాణం కాక మరేమవుతుంది? మర్నాడు మూడింటికి వాళ్లే మళ్లీ వచ్చారు. ఆ మర్నాడు ఇంకో నలుగురితో వచ్చారు. గుమ్మంలో రాగాలు ఆగిపోయాయి. "ఎలా పోయేడంటావు" అని సూర్రావు గురించి అడిగే నాథుడు లేడు, ఆ డాక్టరు ఎలా పోయాడన్నదే అందరి బెంగ. రోజుకు రెండు పేజీలు. వరహాలమ్మ మాత్రం గుమ్మానికి అవతల వీపు తిప్పుకుని కూర్చునేది, చెవి ఒక్కటీ లోపల పెట్టి.

ఒక ఉదయం ఇద్దరూ చేటలో బియ్యం ఏరుతున్నారు. ఇంకెవరూ లేరు. వరహాలమ్మ తల ఎత్తకుండానే, "ఏమే మాణిక్యం, ఆ డాక్టరింట్లో వంటమనిషి మీదే నాకనుమానంగా ఉందే" అంది.

మాణిక్యమ్మ చెయ్యి ఆగింది. "వదినగారూ, అయితే మీకు..."

"నాకేం తెలీదు. నేనేం అడగలేదు. నలభై చావులు చూసేను, ఏ శాస్త్రిగారూ డాక్టరు మాట చెప్పలేదు. అయినా నాకెందుకూ. వంటమనిషేనా కాదా, అది చెప్పు."

"నేనింకా అక్కడికి రాలేదండి."

అది అబద్ధం. ముందు రోజే చివరి దాకా చదివేసింది.

ఏడూరికి వారం ఉండగా, ఇంకా పది పేజీలుండగా, మాణిక్యమ్మ చదవడం ఆపేసింది. కళ్లు మంటలని వచ్చినవాళ్లతో చెప్పింది. ఏడూరి అయిపోయింది. వరహాలమ్మ ట్రంకు పెట్టెలో తన చీరలు సర్ది, మరదలి చీరలు అడిగింది.

"నేను రావటం లేదు వదినగారూ."

"మరి మిగతాది?"

"మీ ఊరికి కార్డు రాస్తానుగా."

"కార్డెందుకే? నువ్వొచ్చి అక్కడ చదువుదువుగాని."

"అక్కడ పద్దెనిమిది మందికి వండాలి కదండీ. చదవడానికి తీరికెక్కడ? మీరు ఇంటికెళ్లిన మూడో రోజుకల్లా కార్డు అందుతాది. మీరు ఇక్కడున్నన్నాళ్లూ నాకు కళ్లు మంటలే."

వరహాలమ్మ రెండు రోజులు అరిచింది, ఏడ్చింది, అన్నం మానింది. నన్ను తెరిచి ఇంకెవరితోనైనా చదివిద్దామంటే తను ముట్టుకోదు. ముట్టుకున్నా, లోపల ఉన్నది పురాణం కాదని తెలిసీ నాలుగు నెలలు విన్నానని ఒప్పుకోవాలి. చివరికి రూతమ్మను చాటుకు పిలిచింది. "నువ్వు చదివి చెప్పవే."

రూతమ్మ రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. "అమ్మో, మీ పురాణాలు మేం ముట్టుకోవచ్చాండీ?"

ఏడాదిగా రోజూ నన్ను ఒళ్లో పెట్టుకున్న మనిషి అలా అనగానే నా క్యాలికో గుడ్డ సంతోషంతో బిగుసుకుంది.

గురువారం పొద్దున్న వరహాలమ్మ ఒక్కతే రిక్షా ఎక్కింది. "కార్డు మరిచిపోకే" అంది. పోయిన తమ్ముడి కోసం వచ్చి ఏడాది ఉన్న అప్పగారు వెళ్తూ అన్న ఆఖరి మాట అదే.

మాణిక్యమ్మ తన జన్మలో మొదటి ఉత్తరం రాసింది. నన్నే కింద పెట్టుకుని రాసింది. "వదినగారికి నమస్కారం. వంటమనిషికి ఏ పాపమూ తెలియదు. చంపింది తమ్ముడే. ఆస్తి కోసం. కత్తి నూతిలో ఉంది. నేను ఇక్కడ క్షేమం. మాణిక్యమ్మ."

పోస్టుకార్డు సంగతి మీకు తెలుసు. వరహాలమ్మకు చదువు రాదు కాబట్టి పోస్టుమాను వీధిలో నిలబడి, ఊరంతటికీ వినపడేలా చదివాడట. మర్నాడు మధ్యాహ్నం బస్సుకే వరహాలమ్మ భర్త ఇద్దరు మనుషులను వెంటపెట్టుకుని దిగాడు. మాట్లాడకుండా పెరట్లోకి వెళ్లి నూతిలోకి తొంగిచూశాడు. అప్పటికి, మాణిక్యమ్మ కళ్లమంట తగ్గిందేమో చూద్దామని, ఇంట్లో ఆడవాళ్లంతా చేరి ఉన్నారు.

"ఏంటండీ అన్నయ్యగారూ, ఏం పడింది?" అంది మాణిక్యమ్మ.

"ఎవర్నమ్మా చంపింది? ఏ తమ్ముడు? మా ఆవిడ నోరు తెరిచి చెప్పదు. 'వంటమనిషి కాదట' అని తనలో తనే గొణుక్కుంటంది. నీకు మతి బాగాలేదని ముందే చెప్పింది. పద, మాతో బయల్దేరు."

ఆ పదిమంది ముందూ ఒప్పుకుంటే నలుగురిలో నవ్వులపాలు. ఒప్పుకోకపోతే పిచ్చిదానికింద జమకట్టి రామచంద్రపురం బస్సెక్కిస్తారు. మాణిక్యమ్మ లోపలికెళ్లి నన్ను తెచ్చింది. అందరి ముందూ నాలోంచి నవలను బయటికి లాగి ఆయన చేతిలో పెట్టింది. ముఖచిత్రం మీద పిస్తోలు పట్టుకున్న ఆడమనిషి బొమ్మ.

"ఇదండీ నేను చదివింది. కార్డులో రాసిందీ ఇదే. మతి లేనిదాన్నయితే చదివేదాన్నా, రాసేదాన్నా? నేనెక్కడికీ రాను అన్నయ్యగారూ. నా ఇల్లు ఇదే."

ఆడవాళ్లు ఆ బొమ్మ చూసి లెంపలేసుకున్నారు. నాలుగు నెలల పుణ్యం కళ్లముందే పోయింది కదా మరి. అందరిలోకీ పెద్దావిడ, వందసార్లు నన్ను చూసి దణ్ణం పెట్టినావిడ, గొంతు సవరించుకుంది.

"అయితే తమ్ముడేనా? నేనూ వాడేననుకున్నా. ఇలాటిది ఇంకోటి ఉందేటే మాణిక్యమ్మా?"

ఆయనగారు సాయంత్రం బస్సుకు ఖాళీ చేతులతో పోలేదు. "మా ఆవిడకు చూపిస్తాను" అని నవల పట్టుకుపోయాడు. తిరిగి ఇవ్వలేదు. మనుషుల మీద నాకున్న అభిప్రాయం అందువల్ల ఏమీ మారలేదు.

ఇప్పుడు మాణిక్యమ్మ అరుగు మీద కూర్చుని, అట్ట లేకుండానే ఇంకో నవల చదువుకుంటోంది. దాచాల్సింది లేనప్పుడు నాతో పనేముంది? "ఈ గట్టి అట్ట నాకిచ్చీయక్కా, జాకెట్టు మెడ గీసుకునే కొలతకి దొరకటం లేదు" అని రూతమ్మ నన్ను అడిగి పట్టుకుపోయింది. కత్తెర పెట్టినప్పుడు నొప్పి వేసింది, అబద్ధమెందుకు. వెనక పలక గుండ్రటి మెడకు, ముందు పలక నలుచదరపు మెడకు కొలతలయ్యాం. బంగారు అక్షరాలు రెండు ముక్కలై ఏ మాటా కాకుండా పోయాయి. నన్నిప్పుడు ఎవరూ కళ్లకద్దుకోరు. ప్రాణం హాయిగా ఉంది.

నిన్న మాణిక్యమ్మ లేతాకుపచ్చ జాకెట్టు గుడ్డ తెచ్చింది. రూతమ్మ టేపు పట్టుకుని ఆమె వెనక నిలబడింది.

"తల ఎత్తక్కా. మెడ వంకరొస్తాది."

"ఉండవే, కోర్టులో వకీలు ఇప్పుడే లేచేడు" అంటూ మాణిక్యమ్మ పేజీ తిప్పింది.

నేను బల్ల మీద, గుడ్డ పక్కనే ఉన్నాను. నాకేం తొందర లేదు.